పాత ట్యూబ్ గిటార్ యాంప్ ఏ దేశం కరెంటుకు తయారైందో తెలుసుకుని మన ఇంట్లో నడపడం ఎలా?

"మా బావ డాలస్ నుంచి వస్తూ 60ల నాటి ఫెండర్ కంపెనీ ట్యూబ్ గిటార్ యాంప్ తెచ్చాడు, ప్లగ్గు మార్చి పెట్టేస్తే చాలా?" "లండన్‌లో పాత మార్షల్ యాంప్ దొరికింది, అక్కడా 230, ఇక్కడా 230, ఇంకేం ఇబ్బంది?" ఈ రెండు ప్రశ్నలూ రాని వారం లేదు. మొదటిదానికి జవాబు: వద్దు, అలా పెడితే క్షణాల్లో ఫ్యూజు పోతుంది, ఫ్యూజు స్థానంలో ఎవరైనా తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. రెండోదానికి: చాలావరకు ఫర్వాలేదు, కానీ చూడకుండా మాత్రం పెట్టకండి, ఎందుకంటే ఆ మార్షల్ బ్రిటన్‌లోనే అమ్ముడైందో, అమెరికాకు వెళ్లి తిరిగొచ్చిందో ముందున్న పేరు చూసి చెప్పలేం.

ఒకే పేరు, ఒకే మోడల్ ఉన్న యాంప్ కూడా ఏ దేశంలో అమ్మడానికి తయారైందో దాన్నిబట్టి లోపల మారిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వేరు, పవర్ ట్యూబులు (స్పీకర్‌ను నడిపే పెద్ద ట్యూబులు) వేరు, కొన్నిసార్లు వైర్ల రంగులే వేరు. 70ల మధ్య నుంచి అమెరికాకు వెళ్లిన మార్షళ్లు చాలావాటిలో అక్కడి పంపిణీదారు యూనికార్డ్ ఇఎల్34ల బదులు 6550 ట్యూబులు పెట్టించింది. వాక్స్ పేరుతో బ్రిటన్‌లో వచ్చిన ఎసి30 పూర్తిగా ట్యూబులది, అదే పేరుతో కాలిఫోర్నియాలో థామస్ ఆర్గన్ కంపెనీ తయారుచేసినవాటిలో ఎక్కువ ట్రాన్సిస్టర్లవి. కాబట్టి బ్రాండు సంగతి తర్వాత, ముందు దేశం తేల్చుకోండి.

ముందే ఒక హెచ్చరిక. చాలా ట్యూబ్ యాంపుల లోపల 400 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండొచ్చు, మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. చాసిస్ (లోపలి భాగాలు బిగించిన లోహపు పెట్టె) బయటికి తీయకుండా చేసుకోగలిగేవి 1, 2, 4 అంచెలు. మిగతావి ట్యూబ్ పరికరాల మీద చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. మీ ఊళ్లో పాత వాల్వు (ట్యూబు) రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన్నే పట్టుకోండి, కొత్త సర్వీస్ సెంటర్ల కన్నా ఆయనకే ఈ పని బాగా తెలుస్తుంది.

కావాల్సినవి

- 600 వోల్టుల దాకా చూపగల మంచి మల్టీమీటర్, మంచి ఇన్సులేషన్ ఉన్న ప్రోబులతో
- ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే సిరీస్ బోర్డు (కరెంటును ఒక బల్బు గుండా పరికరానికి పంపేది), అందులో 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు (ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు)
- 110 వోల్టుల యాంప్ అయితే వైండింగ్ ఉన్న అసలైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్
- మూడు పిన్నుల ప్లగ్గు, మూడు కోర్ల వైరు
- సరైన ఓమ్‌లు ఉన్న స్పీకర్
- టార్చి, ఫోన్ కెమెరా, కాగితం, పెన్ను

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవి దాదాపు అన్నీ దొరుకుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మీకు కావాల్సిన వోల్టేజీ చెప్పి చుట్టించుకోవడమే మేలు.

1. వెనక పలక చదవండి, ఫొటో తీయండి

ముందు ప్లగ్గు, వెనక పలక, ట్యూబ్ చార్టు, ట్రాన్స్‌ఫార్మర్ మీది అంకెలు, స్పీకర్ అయస్కాంతం మీది ముద్ర, అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి. పలక మీద "117 వోల్టులు, 60 సైకిల్స్" అని ఉంటే అది అమెరికాలో అమ్మడానికి చేసింది. 100 వోల్టులు ఉంటే జపాన్‌ది. టీస్కో, గుయాటోన్, ఎల్క్ లాంటి పేర్లు కనిపిస్తే ముందుగా అదే అనుమానించండి. 220 ఉంటే యూరప్ ఖండంలోని దేశాలది, 240 ఉంటే బ్రిటన్‌ది గానీ ఆస్ట్రేలియాది గానీ.

పలక చెరిగిపోయిందా? అమెరికా విడిభాగాల మీద తయారీదారు కోడ్ ఉంటుంది. 606తో మొదలైతే షూమాకర్ ట్రాన్స్‌ఫార్మర్, 220 అయితే జెన్సెన్ స్పీకర్, 465 అయితే ఆక్స్‌ఫర్డ్, 137 అయితే సీటీఎస్ పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్) లేదా స్పీకర్. ఆ తర్వాతి అంకెలు ఏడాది, వారం. 606-514 అని ఉంటే 5తో ముగిసే ఏడాదిలో 14వ వారం, అంటే ఫెండర్ బ్లాక్‌ఫేస్ (60ల నాటి నల్ల ముందు పలక మోడళ్లు) విషయంలో 1965. సెలెస్టియన్ స్పీకర్లు కనిపిస్తే బ్రిటిష్ యాంప్ అయ్యే అవకాశం ఎక్కువే, కానీ స్పీకర్లు ఎవరైనా మార్చేసి ఉండొచ్చు కాబట్టి స్పీకర్ ఒక్కదాన్నే నమ్మి ముందుకెళ్లకండి, ట్రాన్స్‌ఫార్మరే అసలు సాక్ష్యం.

2. వోల్టేజీ సెలెక్టర్ ఉందేమో చూడండి

ఎగుమతి కోసం చేసిన యాంపుల్లో వెనకాల ఒక గుండ్రటి సెలెక్టర్ ఉంటుంది. పాత వాక్స్ ఎసి30లో 115, 160, 205, 225, 245 అని ఐదు స్థానాలు కనిపిస్తాయి. మన దగ్గర రాత్రిపూట లోడ్ తగ్గాక 240 దాటడం మామూలే, అందుకే 245లోనే పెట్టండి. 225లో పెట్టి 240 ఇస్తే వెంటనే ఏమీ కాదు, ఇంకాస్త గట్టిగా మోగుతున్నట్టు కూడా అనిపిస్తుంది, కానీ ఆ యాంపులో ఇఎల్84 ట్యూబులు మామూలుగానే వాటి హద్దు మీద నడుస్తాయి, వాటి ఆయుష్షు తగ్గిపోతుంది.

పాత మార్షల్ హెడ్స్‌లో (స్పీకర్ లేని విడి యాంపుల్లో) వోల్టేజీ సెలెక్టర్, స్పీకర్ ఓమ్‌ల సెలెక్టర్ రెండూ ఒకేలా ఉండి వెనక పలక మీదే ఉంటాయి. 4, 8, 16 ఉన్నది స్పీకర్‌ది, వందల్లో అంకెలున్నది కరెంటుది. తొందరలో ఒకటి తిప్పబోయి ఇంకోటి తిప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకో మాట, సెలెక్టర్ తిరుగుతోంది కదా అని లోపల వైర్లు ఉన్నాయనుకోకండి, ఎప్పుడో ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ మార్చి సెలెక్టర్‌ను వట్టి అలంకారంగా వదిలేసి ఉండొచ్చు. అందుకే 7వ అంచెలోని కొలత తప్పనిసరి.

3. ట్యూబుల పేర్లు చదవండి

పేర్లు వేరైనా చాలా ట్యూబులు ఒకటే. ఇసిసి83 అంటే 12ఎఎక్స్7, 7025 కూడా అదే జాతి. ఇసిసి81 అంటే 12ఎటి7. ఇఎల్84 అంటే 6బిక్యూ5. ఇఎల్34 అంటే 6సిఎ7. జిజెడ్34 అంటే 5ఎఆర్4. అమెరికా పేరులో మొదటి అంకె హీటర్ (ట్యూబును లోపల వేడిచేసే తీగ) వోల్టేజీ, యూరప్ పేరులో మొదటి అక్షరం ఆ పని చేస్తుంది: ఇ అంటే 6.3 వోల్టులు, జి అంటే 5.

ఇక్కడ ఒక ప్రమాదం పసిగట్టొచ్చు. 50సి5, 35డబ్ల్యు4 లాంటి పెద్ద అంకెల ట్యూబులు కనిపిస్తే ఆగిపోండి. అవి 50, 60ల్లో అమెరికాలో విద్యార్థుల కోసం చవగ్గా చేసిన చిన్న యాంపులవి. చాలావాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, హీటర్లన్నీ వరసగా కలిపి నేరుగా గోడ కరెంటు మీద వేలాడదీశారు. అలాంటిదాంట్లో గిటార్ తీగలకే ఫేజు రావచ్చు. దానికి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (యాంపును గోడ కరెంటు నుంచి విడదీసేది) తప్పనిసరి, అది లేకుండా వాయించడానికి వీల్లేదు.

మన దేశం ట్యూబుల గురించి ఒక మాట. బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1961లో వాల్వుల తయారీ మొదలుపెట్టింది, పాత రేడియో షాపుల అటకల మీద బీఈఎల్ ఇసిసి83లు, ఇఎల్84లు ఇంకా బయటపడుతుంటాయి. దొరికితే వదలకండి, ఇసిసి83లు ప్రియాంప్ (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) స్థానాల్లో హాయిగా పనిచేస్తాయి. ఇఎల్84లను పవర్ ట్యూబులుగా వాడాలంటే మాత్రం జత కొలిపించుకుని వాడండి.

4. స్టెప్‌డౌన్ ఎంచుకోండి

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, యాంపులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. స్టెప్‌డౌన్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. 60 సైకిల్స్ అని రాసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే ఇనప కోర్ మీద భారం పెరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, మూలుగుతుంది. లెక్క చూడండి: 117 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చేసినదానికి 120 వోల్టులు, 50 హెర్ట్జ్ ఇస్తే కోర్ మీద భారం దాదాపు 23 శాతం ఎక్కువ. అదే 110 ఇస్తే 13 శాతమే. మరీ తగ్గించి 100 ఇద్దామంటే కోర్‌కు బాగుంటుంది కానీ హీటర్లకు 6.3 బదులు 5.4 వోల్టులే అందుతాయి, ట్యూబులకు అది చాలదు. 110 దగ్గర హీటర్‌కు 5.9 వస్తుంది, అది పది శాతం హద్దులోనే ఉంది. కాబట్టి పాత అమెరికా యాంపుకు 120 కాదు, 110 ఇచ్చే స్టెప్‌డౌన్ కొనండి. అయితే 230కి 110 ఇచ్చేది, ఇంట్లో 245 ఉన్నప్పుడు 117 ఇస్తుంది. మీ ఇంట్లో వోల్టేజీ పొద్దున, సాయంత్రం, రాత్రి కొలిచి చూసుకుని ఆ తర్వాతే ఆర్డర్ ఇవ్వండి.

జపాన్ యాంపుకు ఇదే 110ది వాడొద్దు, 100 వోల్టులదే చుట్టించండి. హెర్ట్జ్ బెంగ మాత్రం దానికి తక్కువ, జపాన్‌లోనే టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60, అందుకని చాలావాటి మీద 50/60 అని రాసే ఉంటుంది.

సైజు: చిన్న యాంపుకు 200 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), 40 వాట్ల యాంపుకు 300 వీఏ, ట్విన్ రివర్బ్ లాంటి పెద్దవాటికి 500 వీఏ తీసుకోండి. సూట్‌కేసులో పట్టే తేలికపాటి "ట్రావెల్ కన్వర్టర్" అస్సలు వద్దు, అది హెయిర్ డ్రయ్యర్ల కోసం తరంగాన్ని ముక్కలు చేసి ఇస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తట్టుకోదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కూడా అంతే, కరెంటు పోతే వాయించడం ఆపేయండి. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఫర్వాలేదు.

బజారులో దొరికే స్టెప్‌డౌన్లలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు (ఒకే వైండింగ్ ఉన్నవి). ఖరీదు తక్కువ, బరువు తక్కువ, కానీ మెయిన్స్ నుంచి మిమ్మల్ని విడదీయవు. పైగా కొన్నింటికి అవతల రెండు పిన్నుల సాకెట్ మాత్రమే ఉంటుంది, అంటే ఎర్త్ అక్కడే తెగిపోతుంది. డబ్బు కాస్త ఎక్కువైనా రెండు విడి వైండింగులున్నది, ఎర్త్ అటు నుంచి ఇటు దాకా వెళ్లేది చేయించుకోండి.

5. వైరు, ప్లగ్గు, ఎర్త్

ఇక్కడ రంగులు మోసం చేస్తాయి. అమెరికా వైర్లలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. మన పాత పద్ధతిలోనూ, బ్రిటన్ పాత పద్ధతిలోనూ ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. కొత్త వైర్లలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు ఎర్త్. మన ఎలక్ట్రీషియన్ నల్ల వైరు చూడగానే న్యూట్రల్ అనుకుని బిగించేస్తారు, అమెరికా యాంపులో అది సరిగ్గా తలకిందులు. అప్పుడు ఫ్యూజు, స్విచ్చి రెండూ న్యూట్రల్‌లో పడతాయి, స్విచ్చి ఆపినా లోపల ఫేజు ఉంటుంది. రంగు చూడకండి, మీటర్‌తో ఏ వైరు ఫ్యూజు దాకా వెళుతోందో చూసి, అదే ఫేజు పిన్నుకు ఇవ్వండి.

50, 60ల అమెరికా యాంపులకు రెండు పిన్నుల వైరే ఉంటుంది. వెనక "గ్రౌండ్" స్విచ్చి, దాని నుంచి చాసిస్‌కు ఒక కెపాసిటర్ ఉంటాయి. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే చాసిస్ మొత్తానికి, గిటార్ తీగలకు ఫేజు వస్తుంది. దాన్ని తీయించేసి, మూడు కోర్ల వైరు వేయించి, ఎర్త్‌ను చాసిస్‌కు విడి బోల్టుతో గట్టిగా బిగించండి. పాత యాంపు విలువ తగ్గుతుందని కొందరు ఒప్పుకోరు. తీసిన భాగాల్ని కవర్లో వేసి క్యాబినెట్‌లో పెట్టుకోండి, విలువకు ఏమీ కాదు, ప్రాణానికి భరోసా ఉంటుంది.

పరీక్ష: ప్లగ్గు బయట ఉండగా ఎర్త్ పిన్నుకూ చాసిస్‌కూ మధ్య దాదాపు సున్నా ఓమ్ రావాలి. ఫేజు, న్యూట్రల్ పిన్నుల నుంచి చాసిస్‌కు, స్విచ్చి ఆన్‌లో ఉంచి చూసినా, ఏమీ కలవకూడదు. మోటార్లు చుట్టేవాళ్ల దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఉంటుంది, దాంతో చూపిస్తే ఇంకా మంచిది, ఒక మెగా ఓమ్ పైనే రావాలి. ఇంటి సాకెట్ సంగతి కూడా చూడండి: ఫేజు-ఎర్త్ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక వైరు ఉండదు. హమ్ తగ్గుతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎప్పటికీ చేయకండి.

6. స్పీకర్ తగిలించి, సిరీస్ బల్బుతో మొదటిసారి ఆన్ చేయండి

స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. బ్రిటిష్ యాంపుల్లో 4, 8, 16 ఓమ్‌ల ఎంపిక ఉంటుంది, ఫెండర్లలో చాలావాటికి ఒకటే: ట్విన్ రివర్బ్‌కు 4, 5ఎఫ్6-ఎ బాస్‌మన్‌కు 2 ఓమ్‌లు. మార్షల్ 4x12 క్యాబినెట్ సాధారణంగా 16. దాన్ని తెచ్చి 2 ఓమ్‌ల బాస్‌మన్‌కు తగిలించకండి.

సిరీస్ బోర్డు స్టెప్‌డౌన్‌కు ముందు, 230 వైపు ఉండాలి. మొదట స్టెప్‌డౌన్ ఒక్కటే పెట్టి చూడండి, బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి. తర్వాత పవర్ ట్యూబులు, రెక్టిఫయర్ ట్యూబు (ఏసీని డీసీగా మార్చేది) తీసేసి యాంప్ ఆన్ చేయండి, బల్బు బాగా మసకగా వెలగాలి. ఇక్కడే పూర్తి వెలుగు వస్తే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనో, వైరింగులోనో షార్ట్ ఉంది, ఆపేయండి. అన్నీ బాగుంటే ట్యూబులు పెట్టి చూడండి, మొదట వెలిగి, తగ్గి, ట్యూబులు వేడెక్కాక కొద్దిగా పెరుగుతుంది. వెలుగు పెరుగుతూనే పోతుంటే ఫిల్టర్ కెపాసిటర్లు లీక్ అవుతున్నాయనో, పవర్ ట్యూబ్ షార్ట్ అనో అర్థం. 30 ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను బాగున్నా మార్పించేయడమే నా సలహా.

7. హీటర్ వోల్టేజీ కొలవండి

బల్బు తీసేసి, అన్ని ట్యూబులూ పెట్టి, పూర్తి కరెంటు మీద కొలవాలి. సిరీస్ బల్బు ఉండగానే కొలిచి "వోల్టేజీ తక్కువ వస్తోంది, సెలెక్టర్ తగ్గించాలేమో" అనుకోవడం అందరూ చేసే పొరపాటు. 6ఎల్6, 6వి6, ఇఎల్34, 6550లకు 2, 7 పిన్నుల మధ్య, ఇఎల్84కు 4, 5 పిన్నుల మధ్య ఏసీలో చూడండి. 5.9 నుంచి 6.6 మధ్య ఉంటే బాగుంది. 6.9 దాటితే వోల్టేజీ అమరిక తప్పు. ఏకంగా 12 దగ్గర వస్తే 110 వోల్టుల వైండింగుకు 230 వెళ్తోంది, వెంటనే ఆపండి. ఫెండర్లలో ముందున్న దీపం ఈ 6.3 వోల్టుల మీదే వెలుగుతుంది కాబట్టి అక్కడ కూడా కొలవొచ్చు, కానీ మార్షల్ మోడళ్లు చాలావాటిలో ఆ దీపం నేరుగా మెయిన్స్ మీద ఉంటుంది, అక్కడ ప్రోబు పెట్టకండి.

ప్రోబు పెట్టేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉంచుకోండి. ఆపాక కెపాసిటర్లను 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్లో 20 వోల్టుల లోపు చూపించాకే లోపల చెయ్యి పెట్టండి.

8. పవర్ ట్యూబులు మార్చాలనుకుంటే

అమెరికా మార్షల్ కొని, "అసలైన బ్రిటిష్ సౌండ్ కావాలి" అని 6550లు పీకి ఇఎల్34లు పెట్టేస్తారు. 6550కి ఎక్కువ నెగటివ్ బయాస్ (ట్యూబు గ్రిడ్‌కు ఇచ్చే స్థిర వోల్టేజీ) కావాలి, ఇఎల్34కి తక్కువ. బయాస్ మార్చకుండా ఇఎల్34 పెడితే నీరసంగా, గరగరగా మోగుతుంది. తిరగేసి, ఇఎల్34 యాంపులో 6550 పెడితే ప్లేటు ఎర్రగా కాలిపోతుంది. 6550 మార్షళ్లలో గ్రిడ్ రెసిస్టర్లు 150 కిలో ఓమ్, ఇఎల్34 వాటిలో 220. రెండూ చూసి, బయాస్ పరిధి మార్పించి, ఆ తర్వాతే పెట్టండి.

ఫెండర్‌లో ఇఎల్34 అసలు పెట్టొద్దు. బ్లాక్‌ఫేస్ కాలం నుంచి 6ఎల్6 సాకెట్‌లో 1వ పిన్నును రెసిస్టర్ ఆనించడానికి వాడారు, ఇఎల్34కు ఆ పిన్ను సప్రెసర్ గ్రిడ్ అనే లోపలి భాగానిది. పైగా 6ఎల్6 హీటర్ 0.9 ఆంపియర్ తీసుకుంటే ఇఎల్34 1.5 తీసుకుంటుంది, ముందే 50 హెర్ట్జ్ భారం మోస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద అది ఇంకా బరువు. మీకు బ్రిటిష్ సౌండే కావాలంటే బ్రిటిష్ యాంపే వెతుక్కోండి. 1962లో లండన్ హాన్‌వెల్‌లోని జిమ్ మార్షల్ షాపులో జెటిఎం45 పుట్టింది ఇదే బాస్‌మన్ సర్క్యూట్‌ను చూసి, కానీ మొదటి ట్యూబు, ట్రాన్స్‌ఫార్మర్, సెలెస్టియన్ స్పీకర్లు, మూసిన క్యాబినెట్ మారేసరికి అది వేరే వాద్యం అయిపోయింది. ఒక్క ట్యూబు మార్చి ఆ దూరం దాటలేం.

9. గంట నడిపి చూడండి

మొదటి పది నిమిషాలు లైటు ఆర్పి పవర్ ట్యూబుల్ని చూడండి. హీటర్ నారింజ వెలుగు మామూలే, గాజు లోపలి నీలి మెరుపు కూడా మామూలే, నల్లటి ప్లేటు మీద ఎర్ర మచ్చ కనిపిస్తే మాత్రం ఆపేయాలి. గంట తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ మీద, పైభాగం కాకుండా పక్కన, చెయ్యి పెట్టండి. అయిదారు సెకన్లు ఉంచగలిగితే బాగుంది. ఉంచలేనంత వేడి ఉంటే, లేదా వార్నిష్ కాలిన వాసన వస్తే, స్టెప్‌డౌన్ వోల్టేజీ ఇంకాస్త తగ్గించాలి, లేదా రోజుకు గంటకు మించి వాయించకూడదు.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే మార్చేస్తే?

మార్చొచ్చు. రోజూ గంటల తరబడి వాయించేవాళ్లకు అదే సరైన దారి. కెనడాలోని హామండ్ లాంటి కంపెనీలు పాత ఫెండర్లకు సరిపోయే, 50 హెర్ట్జ్ తట్టుకునే, పలు వోల్టేజీల ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తాయి. అప్పుడు మెయిన్స్ ఫ్యూజు విలువ సగానికి తగ్గించాలి, 230 మీద కరెంటు సగమే కదా. చాలామంది పాత ఫ్యూజే ఉంచేస్తారు, అప్పుడది ఉన్నా లేనట్టే. పాత ట్రాన్స్‌ఫార్మర్ పారేయకుండా, ఏ వైరు ఎక్కడ ఉండేదో కాగితం కట్టి దాచండి. లోకల్‌గా రీవైండ్ చేయిస్తామంటే, పాడైనదాన్నే ఇవ్వండి. బాగున్న అసలుదాన్ని విప్పించకండి, హై వోల్టేజీ వైండింగుకూ హీటర్ వైండింగుకూ మధ్య ఇన్సులేషన్ సరిగా కుదరకపోతే ఈ తొమ్మిది అంచెలూ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.